సీలు తీసినచో

బుడమేరు పొంగి వెళ్ళిన పదకొండో రోజు
సింగ్‌నగర్ ఇంట్లో, బీరువా కింది అరలోంచి
నా లాప్‌టాప్ బయటికి తీశాను.
కీల మధ్య ఒండ్రు. మూత తెరిస్తే చేపల బజారు వాసన.

బెంజి సర్కిల్ సర్వీసు సెంటర్లో ఏసీ చల్లగా ఉంది.
కుర్రాడు దాన్ని ముట్టుకోకుండానే చెప్పాడు:
బోర్డు మార్చాలి, ముప్పై ఎనిమిది వేలు,
కొత్తది కొనుక్కుంటే మేలు మేడమ్.
అడుగున ఒక స్క్రూ మీద చిటికెనవేలి గోరంత కాగితం.
సీలు తీసినచో వారంటీ చెల్లదు.
బుడమేరు మాత్రం సీలు తీయకుండానే లోపలికెళ్ళింది.

మా నాన్న నాంచారయ్య. ఆటోనగర్లో డీజిల్ పంపుల పని.
ముప్పై ఏళ్ళుగా ఆయనకి మూతంటే తీసేదే.
ఈమధ్య లారీల్లో ఒక నల్లపెట్టె వస్తోంది,
కంపెనీవాడి కంప్యూటర్ తగిలిస్తే తప్ప నోరు విప్పదు.
"రోగం బండిది, నాడి వాడి దగ్గర"
అంటాడు చేతులు కిరసనాయిల్లో కడుక్కుంటూ.
నాలుగేళ్ళ బీటెక్కులో ఇంతకంటే గట్టిమాట
నాకెవరూ చెప్పలేదు.

ఆ రాత్రి షెడ్డులో ఇద్దరం సీలు తీశాం.
పాత టూత్‌బ్రష్, స్పిరిటు,
పక్క షాపు వాళ్ళు పెయింటు ఆరబెట్టే బ్లోయరు.
మూడోనాడు తెర వెలిగింది.
లోపలున్న సిస్టమ్ నన్ను గుర్తుపట్టలేదు, తాళం అడిగింది.
తుడిచేసి లినక్స్ ఎక్కించాను.
వైఫై రాలేదు.
అబద్ధమెందుకు, సౌండూ రాలేదు.

ఊరికే వచ్చేదానికి ఇన్ని తిప్పలేంటే, అంటుంది సుహర్ష.
ఊరికే కాదే.
ఇంగ్లీషువాడికి రెంటికీ ఒకటే మాట, మనకి రెండున్నాయి:
ఉచితమంటే కూపను,
స్వేచ్ఛంటే పానా.
ఈ లైను ఒక హ్యాకథాన్లో చెప్తే చప్పట్లు కొట్టి టీషర్టు ఇచ్చారు.
అప్పట్నించీ ఈ లైను మీద నాకే అనుమానం.

అక్కడ ముప్పై ఆరు గంటలు మేలుకుని రైతు కోసం యాప్ చేశాం.
హాల్లో ఒక్క రైతు లేడు.
సోమవారానికి యాప్ పోయింది, గ్రూప్ ఫొటో ఉంది.
మా సీనియర్ ఎవరి ప్రాజెక్టులోనో కామా ఒకటి మార్చి
కంట్రిబ్యూటర్నని రెజ్యూమేలో రాసుకున్నాడు.
కామా కూడా పనే, కాదనను.
కానీ ఆ ప్రాజెక్టు మోసేవాడు, ఎక్కడివాడో,
పిల్లల్ని పడుకోబెట్టాక కూర్చుని రాస్తాడు.
దానిమీద మేడలు లేపినవాళ్ళు
గోడ బీటిస్తే ఆయన్నే తిడతారు.
స్వేచ్ఛకీ ఎవరో అన్నం పెట్టాలి కదా.
ఎవరో నాకు తెలీదు.
క్యాంపస్ డ్రైవ్‌కి నేనూ పేరిచ్చాను, మేడల వాళ్ళకే.

నా పేరు జ్యోత్స్న.
హాల్ టికెట్ మీద తెలుగు వరసలో
త కింద స, స పక్కన న ఇమడక
చుక్కల సున్నా ఒకటొచ్చి మధ్యలో కూర్చుంటుంది.
ఆఫీసులో అడిగితే "సాఫ్ట్‌వేరంతేనమ్మా" అన్నారు,
ఎండాకాలం గురించి చెప్పినట్టు.

నా లినక్స్‌లో రాసుకునే ఎడిటరూ నా పేరు అలాగే విరిచింది.
తేడా ఒక్కటే, దీని మూత వస్తుంది.
తీశాను.
ఐదు వారాలు. పదకొండు లైన్లు.
రెండుసార్లు తిప్పికొట్టారు. రెండోసారి ఏడ్చాను కూడా.
మూడోసారి, తెలుగు ఒక్క ముక్క రాని టోమాష్ అనే ఆయన
తీసుకున్నామని రాసి, కింద అడిగాడు:
మీ పేరు ఇప్పుడు నా తెర మీద నిలబడింది,
పలకడం ఎలా?

నాన్నకి చూపించాను.
కళ్ళజోడు లేదు, తెరని చేయంత దూరం పట్టుకుని
నట్టు బిగింపు చూసినట్టు చూశాడు.
"వత్తులు కూర్చున్నాయి" అన్నాడు.
కాసేపాగి,
"ఆ నల్లపెట్టెకి కూడా ఎక్కడన్నా
ఎవరన్నా ఇట్టా రాస్తున్నారేమో కనుక్కోవే."

వెతుకుతున్నాను.
నిన్న కొత్త హాల్ టికెట్ వచ్చింది.
చుక్కల సున్నా అక్కడే ఉంది.